సరూర్‌నగర్‌లో చేజారిన గది

విజయవాడ బస్టాండులో ఉదయం అయిదున్నరకు హైదరాబాద్ సూపర్ లగ్జరీ ఎక్కాను. తెనాలి నుంచి అక్కడిదాకా నాన్న బండి మీద తీసుకొచ్చారు. దారి పొడవునా ఒకటే పాట. "హాస్టల్ వద్దు. సంసారుల ఇంట్లో గది దొరికితేనే ఉద్యోగం. ఇవాళ సాయంత్రంలోపు దొరక్కపోతే ఇంక ఆ ఊసెత్తకు." చైతన్యపురిలో ఒక రక్తపరీక్షల సెంటర్లో రిసెప్షనిస్టు పని. సోమవారం చేరాలి, ఆ రోజు శనివారం. ఇరవై మూడేళ్లకు, ఎన్నో ఇంటర్వ్యూల తర్వాత, నన్ను రమ్మన్న మొదటి చోటు అదే.

సూర్యాపేటలో ఎనిమిదింబావుకు టిఫిన్ కోసం ఇరవై నిమిషాలు ఆపారు. ఇడ్లీ చల్లగా ఉంది, చట్నీ ఇంకా చల్లగా ఉంది. మళ్లీ ఎక్కేసరికి నా పక్క సీట్లో యాభై దాటిన ఒకావిడ కూర్చుని ఉంది. పేరు యాదమ్మ. మలక్‌పేటలో కళ్ల దవాఖానకు పోతోంది.

బస్సు టీవీలో ఏదో సినిమా నడుస్తోంది. పనిమనిషి వేషం తెలంగాణ యాసలో నోరు తెరిచినప్పుడల్లా బస్సంతా నవ్వింది, నేనూ నవ్వాను. యాదమ్మ మాత్రం కిటికీలోంచి చూస్తూ, "మా మాటంటే నవ్వులాటనే ఆయె. ఇప్పుడు సినిమ ఈరోలు గూడ మా లెక్క మాట్లాడుతున్నరు గని, గా మాట గూడ మాది గాదు బిడ్డ" అంది. ఆ మాట నా చెవిన పడింది కానీ బుర్రకెక్కలేదు.

తర్వాత రాజకీయాల్లోకి దిగాం. "రాష్ట్రమైతే ఒచ్చింది, మా పిలగానికి నౌకరే రాలే" అందావిడ. "మాకింకా రాజధాని కట్టడమే అవ్వలేదు ఆంటీ" అన్నాను. గది కోసం వెళ్తున్నానని చెప్తే వెంటనే ఫోన్ తీసింది. "మా ఆడిబిడ్డ సుజాతది సరూర్‌నగర్ల సొంతిల్లు. మిద్దె మీద రూం ఖాళీనే ఉన్నది. ఒక్కతే ఉంటది, నీలాంటి పిల్ల అయితే మంచిగుంటది."

పదిన్నరకు ఎల్బీనగర్. నాలాగా గదుల వేటకు వచ్చేవాళ్లు ఇక్కడే దిగిపోవాలి. మెట్రోలో మూడో స్టేషనే దిల్‌సుఖ్‌నగర్. దిగగానే కోచింగ్ సెంటర్ల బోర్డులు, హాస్టళ్ల బోర్డులు, వాటి కింద పుస్తకాల సంచులతో నా వయసువాళ్లు. ఎవరి మొహంలోనూ నవ్వు లేదు. సుజాతగారు ఫోన్లో రెండింటికి రమ్మన్నారు కాబట్టి ముందు రెండు టు-లెట్ బోర్డులు చూశాను. ఒకచోట ఒంటరి ఆడపిల్లకు ఇవ్వం అన్నారు. ఇంకోచోట నేను నోరు తెరవగానే "ఆంధ్రావాళ్లా?" అని అడిగి, గది నిన్ననే పోయిందన్నారు. బోర్డు మాత్రం అక్కడే వేలాడుతోంది.

ఒంటిగంటకు ఒక మెస్సులో భోజనం చేశాను. ఓనరుది భీమవరం, వచ్చి పాతికేళ్లయిందట. నా వేలాడిన మొహం చూసి దగ్గరకొచ్చాడు. "వాళ్లతో వాళ్లలాగే మాట్లాడాలమ్మాయ్. నేనట్టాగే నెగ్గుకొచ్చాను. ఇంట్లోకెళ్లాకే మన మాట" అన్నాడు. పప్పు బాగుంది. సలహా ఇంకా బాగున్నట్టు అనిపించింది.

రెండింటికి సరూర్‌నగర్ చేరాను. సుజాతగారు గేటు దగ్గరే ఎదురుచూస్తున్నారు. మిద్దె మీద చిన్న గది, వంటగట్టు, నీళ్ల ట్యాంకు నీడ, దూరంగా చెరువు. ఆ కిటికీ దగ్గర నా మంచం ఎక్కడ వేసుకోవాలో కూడా అనుకున్నాను. "మా వదిన చెప్పింది, నువ్వు మంచి పిల్లవని. సోమారం పొద్దుగాల వచ్చెయ్, తాళం ఇస్త" అన్నారామె. అంతటితో నోరు మూసుకుని ఉంటే సరిపోయేది.

మెస్సు ఓనరు సలహా గుర్తొచ్చి, సినిమాల్లో చూసినట్టే నడుం మీద చెయ్యి వేసుకుని, గొంతు పెంచి, "గీ రూమ్ మస్తుగుంది గదనే అక్కా! కిరాయి జర తగ్గియ్యరాదే, గట్ల పరేషాన్ జేస్తవేంది!" అన్నాను. ఆమె నవ్వుతారనుకున్నాను.

ఆమె మొహంలో నెత్తురు లేదు. "గా మాట యాడ నేర్సినవ్?" అని మెల్లగా అడిగారు. "సినిమాల్లో" అన్నాను, నా నవ్వు సగంలో ఆగిపోయింది.

"మా ఆయన కొత్తగ నౌకరిల జేరినప్పుడు ఆఫీసుల అందరు గిట్లనే ఆయన లెక్క మాట్లాడి నవ్వేటోళ్లు. ఆఖరికి ఆడ నోరు తెరుసుడే బంద్ జేసిండు. దినమంత మూగోని లెక్క ఉండి, ఇంటికొచ్చి నాతోనే మాట్లాడేటోడు. పోయి మూడేండ్లాయె." కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. "నీ మీద కోపం లేదు బిడ్డ. గని నా ఇంట్ల గా మాట మల్ల నేను ఇనలేను. నీళ్లు తాగి పో."

"క్షమించండి ఆంటీ, మీకు దగ్గరవ్వాలనే అలా మాట్లాడాను" అన్నాను. నిజమే చెప్పాను. ఆమె తల ఊపారు, తాళం చెవి మాత్రం కొంగులో ముడేసుకున్నారు. గ్లాసులో నీళ్లు పూర్తిగా తాగాను, ఇంకేం చెయ్యాలో తోచక. యాదమ్మ బస్సులో చెప్పిన మాట అప్పుడు బుర్రకెక్కింది. బస్సులో నేను నా మాటే మాట్లాడాను, అయినా ఆవిడ నాకు గది చూపించింది.

నాలుగున్నరకు ఎల్బీనగర్‌లో విజయవాడ బస్సు ఎక్కి నాన్నకు ఫోన్ చేశాను. దొరకలేదన్నాను. "పోన్లేమ్మా, వచ్చెయ్, ఇంట్లో ఉందువుగాని" అన్నారు. ఆయన గొంతులో తేలికదనం స్పష్టంగా వినిపించింది. నాకు ఏడుపొచ్చింది. గదితో పాటు ఉద్యోగమూ పోయింది. రెండూ నా చేతులారా పోగొట్టుకున్నాను.

ఏడింటికి మళ్లీ సూర్యాపేటలో ఆపారు. ఒక ముసలావిడ టీ కొట్టు దగ్గర నిలబడ్డాను. "ఏం గావాలె బిడ్డ?" అని అడిగింది. ఎవరి మాటలో అడగాలో తేలక, నాలుక దాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. వేలితో టీ గ్లాసు చూపించాను.