శారదక్క ఎడమ చెంప

నిన్న పొద్దున ఆఫీసుకి తయారవుతుంటే ఫోన్ వచ్చింది. శారదక్క లేదట. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

"ఏ శారదక్క?" అని అడిగాను.
నాకు తెలిసింది ఒక్క శారదక్కే.

ఢిల్లీ జనక్‌పురిలో మా పై ఫ్లోర్. కాకినాడ మనిషి, సెంట్రల్ గవర్నమెంట్ ఉద్యోగం. తొమ్మిదేళ్ల క్రితం మొహంలో ఎడమ సగానికి పక్షవాతం వచ్చింది. చాలామందికి నెలల్లో తగ్గిపోతుందన్నారు. అక్కకి తగ్గలేదు.

గోల్‌గప్పా, అదే మన పానీపూరీ, తింటే నీళ్లు ఎడమ పక్కనుంచి కారిపోయేవి. "సగం నాకు, సగం చీరకి" అనేది. ఆ తర్వాత ఇంకో ప్లేట్ చెప్పేది.

రోజూ కలిసే మెట్రోలో వెళ్లేవాళ్లం. రైలు సొరంగంలోకి దిగగానే కిటికీ అద్దం నల్లబడి, అందులో మా మొహాలు తేలేవి. అక్క మెల్లగా ఎడమ చెంప ఎత్తడానికి ప్రయత్నించేది.

కదిలిందా, అద్దం ఊగిందా, ఇద్దరికీ తెలిసేది కాదు.
ఆ కాసేపు ఢిల్లీలో ఉన్నట్టే ఉండేది కాదు.

రెండేళ్ల క్రితం ఫోన్‌లో ఒక క్లినిక్ యాడ్ చూసింది. స్టెమ్ సెల్స్ ఇంజెక్షన్ చేస్తే ఎంత పాత పక్షవాతమైనా పోయి నవ్వు తిరిగొస్తుందట. వారం రోజులు అక్క ఈ లోకంలో లేదు. ఎండిన నరం మళ్లీ చిగురిస్తుందని నాకే పాఠం చెప్పింది.

ముందు పెద్ద డాక్టర్‌ని అడుగుదామని నేనే తీసుకెళ్లాను. అది ఇంకా రీసెర్చ్‌లోనే ఉందని, యాడ్స్ నమ్మొద్దని, సరైన ట్రయల్ మొదలైతే ఫోన్ చేస్తామని ఆయన చెప్పారు.

అక్క నా వైపు చూసింది.
"నిదానమే ప్రధానం అక్కా, ఆగుదాం" అన్నాను.

ఆగింది. తెలియని నంబరు ఏది వచ్చినా ఎత్తేది. క్రెడిట్ కార్డు అమ్మేవాళ్లతో కూడా మర్యాదగా మాట్లాడేది.

ఆ ఫోన్ మాత్రం రాలేదు.

నేను చెప్పింది తప్పు కాదని తెలుసు. అయినా నిన్నటి నుంచి ఆ మాటే తిరగేస్తున్నాను.

నిన్న పైకి వెళ్లేసరికి అక్క తల దగ్గర వాళ్లమ్మాయి శ్రావ్య కూర్చుని ఉంది. దానికి తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు హిందీలోనే.

"దేఖో ఆంటీ, మమ్మీ కా చెహరా సీధా హో గయా" అంది, అమ్మ మొహం తిన్నగా అయిపోయిందని.

నిజమే. మొహమంతా సడలిపోయి రెండు చెంపలూ ఒకేలా ఉన్నాయి. అక్క తొమ్మిదేళ్లుగా అడిగింది అదే.

నాకు మాత్రం ఎవరినో చూస్తున్నట్టు ఉంది. ఒక పక్కకే వచ్చే ఆ నవ్వు కోసం వెతుక్కున్నాను.

అది నాకు అలాగే ఇష్టమని ఒక్కసారి కూడా చెప్పలేదు అక్కా.

వెళ్లిరా. ఏ ఫోన్ కోసమూ ఎదురుచూడక్కర్లేని చోట నీ ప్రాణం హాయిగా ఉండాలి.