జమీలా ఆపా కొన్న టీవీ

నల్లగొండలో ఆ టీవీల దుకాణంలోకి అడుగుపెట్టగానే చల్లగాలి ముఖానికి కొట్టింది. దానితోపాటు అప్పుడే విప్పిన అట్టపెట్టెల వాసన, కొత్త ప్లాస్టిక్ వాసన. గోడ నిండా తెరలే. అన్నిటిలోనూ ఒకటే చిలుక, ఒక్కసారే రెక్కలు విప్పుతోంది. ఒకదాంట్లో మరీ పచ్చగా, ఇంకోదాంట్లో కాస్త నీరసంగా. అక్కడ పనిచేసే అమ్మాయి ఒక్కో రకం గురించి ఓపికగా చెప్పుకుంటూ వచ్చింది. ఇది ఎల్‌ఈడీ అట, వెనక నుంచి వెలుగు వస్తుందట. ఇది ఓఎల్‌ఈడీ, పక్కనుంచి చూసినా రంగు మారదట. అది క్యూఎల్‌ఈడీ, వెలుతురు ఎక్కువగా ఉండే గదికి మంచిదట. ఆఫీసు నుంచి నేరుగా వచ్చానేమో, కాళ్లు పీకుతున్నాయి. చెప్పినదాంట్లో సగం చెవిలో పడలేదు. "ఎవరి కోసం మేడం?" అని అడిగింది. మంచానికే పరిమితమైన మా అత్తమ్మ కోసం అన్నాను. "మీ అసుంటి కోడండ్లు ఇప్పుడెక్కడున్నరు మేడం" అంది మెచ్చుకోలుగా. నేను నవ్వి ఊరుకున్నాను. కిటికీ వెలుతురుకు అంతగా మెరవని రకం ఒకటి చూసి, ఇంటికి పంపమని చెప్పి బయటపడ్డాను. ఆటోలో కూర్చున్నాక జమీలా ఆపా గుర్తుకొచ్చింది. ఇలాంటి దుకాణంలోనే, ఇలాంటి మెప్పుకే, ఆమె చెప్పిన జవాబు గుర్తుకొచ్చింది.

తొంభైల చివర్లో నాకు మహబూబ్‌నగర్‌లో గుమస్తా ఉద్యోగం వచ్చింది. మా ఊరు మోత్కూర్ దాటి ఎక్కడా ఒంటరిగా ఉన్నదాన్ని కాదు. ఆఫీసులో ఎవరో చెబితే జమీలా ఆపా ఇంట్లో పక్క గది కిరాయికి తీసుకున్నాను. ఆమె ఉర్దూ మీడియం బడిలో పంతులమ్మ, వీధిలో అందరికీ ఆపానే, అంటే అక్క. నలభై దాటిన మనిషి, సన్నగా, ఎప్పుడూ ఏదో ఒక పనికి పోతున్నట్టే నడిచేది. భర్త ఖాదర్ సాబ్ బస్సు డ్రైవరుగా చేసేవాడు. కొల్లాపూర్ దారిలో ఏ మలుపు ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలనని గర్వంగా అనేవాడట. నేను వెళ్లేసరికి ఆయన మంచంలో ఉన్నాడు. పక్షవాతం వచ్చి ఎడమ కాలు, చెయ్యి పడిపోయాయి. ఎడమవైపు చూపు కూడా దాదాపు పోయింది. మాట మాత్రం ముద్దముద్దగా వచ్చేది. పిల్లలు లేరు. ఆయన తమ్ముడు సలీం ఆ వీధి చివరే ఉండేవాడు.

ఆ ఇంట్లో నాకు మొదట అలవాటైన చప్పుడు ఖాదర్ సాబ్ పిలుపు. "జమీలా!" అని పిలిచేవాడు. ఆమె పిండి చేత్తోనే పరుగెత్తేది. ఫ్యాను పెంచమనేవాడు. పొయ్యి దగ్గరికి వచ్చేలోపు మళ్లీ పిలుపు. ఫ్యాను తగ్గించమనేవాడు. వాకిట్లో ఎవరు మాట్లాడుతున్నారో చూసి చెప్పమనేవాడు. ఒక్కోసారి ఎందుకు పిలిచాడో ఆయనకే తెలిసేది కాదు. ఆమె బడికి పోయినప్పుడు మరిది భార్య వచ్చి చూసుకునేది కానీ, ఆమెను ఆయన పిలిచేవాడు కాదు. ఆ పిలుపులన్నీ కూడబెట్టుకుని సాయంత్రం ఆపా గడపలో కాలు పెట్టగానే మొదలుపెట్టేవాడు. చూడవచ్చిన చుట్టాలు, పక్కింటివాళ్లు ఆమెను మెచ్చుకోని రోజు లేదు. "ఖాదర్ నసీబు మంచిది. గిట్ల ఎవలు జేస్తరమ్మా" అనేవాళ్లు. ఆపా టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయేది. అది ఆమె వినయం అనుకునేదాన్ని నేను.

వాళ్లకు ముందు గదిలో ఒక పాత బ్లాక్ అండ్ వైట్ టీవీ ఉండేది. అది పూర్తిగా చెడిపోయాక కొత్తది కొనాలన్న మాట వచ్చింది. సలీం ఉత్సాహంగా ఉన్నాడు. "పెద్ద కలర్ టీవీ తీసుకుందాం భాభీ. ముందర్రూంల పెడితే నలుగురు వచ్చి కూసుంటరు, ఇల్లు కళకళలాడుతది" అన్నాడు.

"ముందర్రూంల పెడితే మీ అన్నకు ఎట్ల కనబడతది?" అంది ఆపా.

"అన్న టీవీ ఏం జూస్తడు భాభీ? ఆయనకు అవాజ్ వినబడితే సాలు."

ఆదివారం ఆపా నన్ను కూడా రమ్మంది. సలీంతో కలిసి ముగ్గురం బస్టాండు దారిలో ఉన్న దుకాణానికి వెళ్లాం. అప్పుడే చదును తెర టీవీలు కొత్తగా వస్తున్నాయి. ఇప్పటిలా గోడకు తగిలించే పలచటివి కావు. వెనకాల పాతవాటికున్న మూపురం అంతే ఉండేది, ముందు అద్దం మాత్రం బల్లపరుపుగా ఉండేది. మామూలువాటి అద్దం ఉబ్బుగా, చేప కన్నులా ఉండేది. దుకాణం సేటు రెండింటినీ పక్కపక్కనే నడిపించి చూపించాడు. సలీం కళ్లు పెద్ద ఉబ్బుతెర టీవీ మీదే ఉన్నాయి. అదే డబ్బుకు చదును తెర చిన్నది వస్తుంది మరి.

ఆపా రెండింటి ముందూ కాసేపు నిలబడింది. తర్వాత చుట్టూ చూసి, గిరాకీలు కూర్చునే చెక్క బల్లను తలుపుకు దగ్గరగా జరిపించమంది. జరిపించాక చెప్పులు విడిచి, చీర కొంగు సర్దుకుని, ఆ బల్లమీద పడుకుంది. వెల్లకిలా పడుకుని, తల కుడివైపుకు తిప్పి, ఎడమ కన్ను అరచేత్తో మూసుకుంది. ఇంట్లో తలుపు పక్కన మంచంలో ఆయన ఎట్లా పడుకుంటాడో అట్లా. దుకాణంలో ఉన్న మిగతావాళ్లు చూపులు మార్చుకున్నారు. ఒకాయన నవ్వాడు కూడా. సలీం ముఖం ఎర్రబడింది. "భాభీ, లెవ్వు. జనం జూస్తున్నరు" అని గొణిగాడు.

"చూడనియ్యి. మీ అన్న గిట్లనే గద పండుకునేది" అంది ఆమె, లేవకుండానే. "సరితా, నువ్వు గూడ వచ్చి వంగి చూడు బిడ్డా."

నేను ఆమె తల పక్కన మోకాళ్ల మీద కూర్చుని చూశాను. ఉబ్బుతెరలో బొమ్మ కనిపించలేదు. మా వెనక తలుపులోంచి వచ్చే వెలుతురంతా దాంట్లోకి చేరి, వీధి వీధంతా వంకర తిరిగి కనిపిస్తోంది. సైకిళ్లు, రిక్షా, బండి మీద అరటిపండ్లు. చదును తెరలో కూడా కాస్త మెరుపు ఉంది గానీ మనుషుల ముఖాలు తెలుస్తున్నాయి. ఆపా లేచి, కొంగు దులుపుకుని, చిన్నదే ఇమ్మంది.

సేటు మనసు కదిలింది పాపం. "సాబ్ కోసం ఇంత ఆలోచించినవు. నీ అసుంటి ఆలి దొరుకుడు అదృష్టం తల్లీ" అన్నాడు.

"ఆయన కోసం కాదు సేటూ" అంది ఆపా. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నా కోసం. టీవీ జూసుకుంట ఒక గంటసేపు నన్ను పిలవకుంట ఉంటడని కొంటున్న."

సేటు పెట్టె కట్టించే పనిలో పడ్డాడు. దారి పొడుగునా సలీం మాతో మాట్లాడలేదు.

ఆ మాట మేము ఇల్లు చేరిన కాసేపటికే ఖాదర్ సాబ్ చెవిన పడింది. సలీమే చెప్పి ఉంటాడు. టీవీ ఆయన మంచానికి కుడిపక్క స్టూలు మీద పెట్టారు, అక్కడ చక్కగా సరిపోయింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. మర్నాడూ తెరవలేదు. అంతకంటే ఘోరం, పిలవడం మానేశాడు. నీళ్లకు కూడా పిలవలేదు. ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. ఆపా కోరుకున్నది అదేగా అని మీరనుకోవచ్చు. కానీ ఆమె వంటింట్లో ఏ పనిలో ఉన్నా చేతులు ఆపి, చెవి అటు పెట్టి నిలబడేది. పిలవని మనిషి దగ్గరికి మాటిమాటికీ వెళ్లి, పెదవులు ఎండాయేమో చూసి వచ్చేది. పిలిచినప్పటికంటే ఎక్కువ తిరిగింది ఆ రోజుల్లో.

తర్వాత ఒక సాయంత్రం ఆమె బడినుంచి వచ్చి, సంచి కింద పెట్టి, నేరుగా ఆయన మంచం అంచున కూర్చుంది. నేను గడప దగ్గర బియ్యం ఏరుతున్నాను. వాళ్లిద్దరూ ఉర్దూలోనే మాట్లాడుకునేవారు. నాకు అప్పటికి బాగానే అర్థమవుతుండేది.

"అవును, ఆ మాట నేనే అన్న" అంది. "అబద్ధం అని చెప్పను. నేను అలిసిపోయిన. నీ మీద కోపం లేదు, అలుపు ఉంది. రెండు ఒకటి కాదు."

ఆయన మాట కూడగట్టుకోవడానికి చాలా సమయం పట్టింది.

"నేను గూడ అలిసిపోయిన జమీలా" అన్నాడు చివరికి. "పిలిచి పిలిచి. పిలవకపోతే నేను ఉన్ననో లేనో నాకే తెలుస్తలేదు."

ఆమె ఏడ్చిందో లేదో నాకు తెలియదు, తల తిప్పి చూడలేదు నేను. కాసేపటికి టీవీ చప్పుడు వినిపించింది. ఏవో వ్యవసాయం కబుర్లు వస్తున్నాయి. ఎరువు ఎప్పుడు వేయాలో చెబుతున్నారు. ఖాదర్ సాబ్‌కు గుంట భూమి లేదు. అయినా మార్చమని అడగలేదు.

అప్పటినుంచి సాయంత్రాలు ఆపా వాకిట్లో మెట్టుమీద కూర్చునేది. చేతిలో కుట్టుపనీ, దిద్దాల్సిన కాగితాలూ ఏమీ ఉండేవి కావు. మొదట్లో నాకది వింతగా ఉండేది. "ఏం చేస్తున్నరు ఆపా?" అని అడిగితే, "ఏం లేదు బిడ్డా, కూసున్న" అనేది. లోపల ఆయన టీవీ చూస్తూ ఎప్పుడైనా నవ్వితే, ఎందుకు నవ్వాడో అడగడానికి కూడా లేచేది కాదు. ఆ కాసేపు అయ్యాక ఆమే వెళ్లి, "ఏం వచ్చింది ఇయ్యాల?" అని అడిగేది. ఆయన ఆ ముద్దమాటల్లో కథ చెప్పేవాడు. ఆయన పిలిస్తే పోవడానికీ, తనే వెళ్లి అడగడానికీ తేడా ఆ ఇంట్లో చూశాను. ఆయన పూర్తిగా మారిపోయాడని కాదు. చెడ్డ రోజులు ఉండేవి. ఆమె పళ్లు బిగబట్టి తిరిగే రోజులూ ఉండేవి. సలీం మాత్రం ఆ ఇంటికి రావడం తగ్గించాడు. చుట్టాల్లో కొందరు ఆమెను మెచ్చుకోవడం మానేశారు. ఆమెకు అదీ కాస్త తెరిపి ఇచ్చిందనుకుంటాను.

నాకు నల్లగొండకు బదిలీ అయింది, పెళ్లయింది. ఖాదర్ సాబ్ పోయాడని తెలిసి చూడడానికి వెళ్లాను. మంచం తీసేశారు. ఆ గదిలో ఆపా ఒక్కతే చాప మీద కూర్చుని ఉంది. ఏం మాట్లాడాలో తెలియక, "మస్తు జేసిండ్రు ఆపా మీరు" అన్నాను నేను కూడా, అందరిలాగే. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"చేసిన. అలిసిపోయిన అని చెప్పుకుంటనే చేసిన. చెప్పకపోతే ఎన్నడో ఆయన మీద చెయ్యి లేపుతుంటినేమో బిడ్డా. నాకు ఆ భయముండె" అంది. నా చెయ్యి వదలకుండానే, "ఇప్పుడు ఎవ్వరు పిలుస్తలేరు. అలుపు మాత్రం ఇంక పోలే" అంది.

ఆ తర్వాత ఆమెను ఎక్కువసార్లు చూడలేకపోయాను. ఉద్యోగం, పిల్లలు. చివరికి ఆమె పోయిన కబురు కూడా ఆలస్యంగానే తెలిసింది.

ఇప్పుడు అత్తమ్మ మంచంలో పడి చాలా కాలమైంది. ఆడబిడ్డలు ఫోన్ చేసినప్పుడల్లా నన్ను దేవతను చేస్తారు. ఆ మాట విన్నప్పుడల్లా నా భుజాల మీద ఇంకొంచెం బరువు పెట్టినట్టు ఉంటుంది. దేవతలకు నడుము నొప్పి ఉండదు కదా. కొత్త టీవీ వచ్చాక, మొన్న ఒక సెలవు రోజు మధ్యాహ్నం అత్తమ్మకు అన్నం కలిపి తీసుకెళ్లి, పళ్లెం పట్టుకుని ఆమె పక్కన కూర్చున్నాను గానీ చెయ్యి లేవలేదు. ఇన్నేళ్లుగా నోటిదాకా వచ్చి ఆగిన మాట అప్పుడు వచ్చింది. "అత్తమ్మా, ఇయ్యాల నాకు చాతనైతలేదు. అలిసిపోయిన" అన్నాను. అత్తమ్మ నా ముఖంలోకి చాలాసేపు చూసింది. ఎప్పుడూ నన్ను అలా చూడలేదు.

"అయితే ఆ పల్లెం కింద పెట్టు. నాకిప్పుడు అంత ఆకలేం లేదు" అంది. ఆ పైన కాస్త పక్కకు జరగబోయి, జరగలేక, మంచం మీద ఖాళీగా ఉన్న కొస చూపించి, "జరసేపు ఒరుగు" అంది.