టికాల్ చెరువుల కథ వినడానికి రాజమండ్రి వెళ్ళొచ్చాను

“ఉప్పు ఊరి మన చేలో గింజ పండట్లేదు. చుట్టూ అందరూ రొయ్యల చెరువులు తవ్వేశారు. ఇంకా దేనికమ్మా పట్టుకు వేలాడతావు?” అన్నాడు మా అబ్బాయి రాంబాబు.

“మంచినీళ్ళ చెరువు గట్టునే ఉందిరా ఆ చేను. అదీ తవ్వితే ఊరేం తాగుద్ది?”

“టిన్ను నీళ్ళు. ఇప్పుడు తాగట్లేదా?”

“చేను నా పేరునుంది. లీజుకి సంతకం పెట్టను, పో” అని చెప్పులేసుకున్నాను.

మనవరాలు హారిక రాజమండ్రిలో చరిత్ర ఎమ్మే చదువుతోంది. ఆ రోజు కాలేజీలో మాట్లాడుతుందట, వచ్చి వినమని వారం నుంచి ఒకటే పోరు.

భీమవరంలో ఏడున్నరకి బస్సు. ఆడవాళ్ళకి ఆధార్ కార్డు చూపిస్తే చాలు, డబ్బక్కర్లేదు. అయితే సీటు కావాలంటే ముందే వెళ్ళాలి. నేను తణుకు దాకా నిలబడ్డాను. అక్కడ జరిగి చోటిచ్చిన అరటిపళ్ళావిడ, “ఎక్కడికండీ?” అంది.

“మనవరాలు ఏదో పాడుబడ్డ ఊరి సంగతి చెబుద్దంట.”

“దానికి రాజమండ్రి దాకా ఎందుకండీ!” అని కిటికీలోంచి రొయ్యల చెరువుల్ని చూపించి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

పదకొండుకి దిగాను. హోటల్లో ఇడ్లీ ధర విని బయటికొచ్చేసి, కాలేజీ మెట్ల మీద కూర్చుని ఇంటినించి తెచ్చుకున్న పులిహోర తిన్నాను. మీరూ అలాగే చెయ్యండి.

హారిక తెర మీద బొమ్మలు చూపిస్తూ చెప్పింది. ఆ ఊరు టికాల్, గ్వాటెమాలా దేశపు అడవిలో ఉంది. మాయా జనం కట్టుకున్నది. దగ్గర్లో ఏరు లేదు. వాన నీరు పారి చెరువుల్లోకి చేరేలా వీధులకి గచ్చు పోసి వాలు పెట్టారు. తాతముత్తాతల నాటినుంచి ఆ నీళ్ళే తాగారు. రాజుల మేడలకి పూసిన, పాదరసం ఉండే ఎర్రటి ఇంగిలీకం రంగు వానకి కరిగి, మేడ పక్క చెరువుల్లో పాదరసం చేరింది. పైన పచ్చగా పాచి పట్టింది. ఆపైన వానలూ మొహం చాటేశాయి. జనం ఊరొదిలిపోయారు. ఇది జరిగి వెయ్యేళ్ళు దాటింది. అందరూ చప్పట్లు కొట్టారు.

మూడింటి బస్సుకి హారిక కూడా నాతో బయల్దేరింది.

“ఆ రంగు వద్దని ఒక్కరన్నా చెప్పలేదా అక్కడ?” అన్నాను.

“చెప్పే ఉంటారు మామ్మా. రాళ్ళ మీద రాజుల పేర్లే చెక్కారు.” బ్యాగు ఒళ్ళోకి లాక్కుని అంది, “నాన్న అడిగిన సంతకం పెట్టెయ్.”

“ఇందాక మైకులో అంత చెప్పింది నువ్వేనా?”

“అది చదువు మామ్మా. ఇక్కడ నాలుగు వైపులా ఉప్పే. మనదొక్కటీ ఉంచితే ఆ నీళ్ళు తియ్యనౌతాయా? నా పైచదువుకి నాన్న దగ్గర ఇంకేముంది?”

కిటికీ వైపు తిరిగాను. రావులపాలెం దాటాక పచ్చని చేలు అక్కడక్కడే కనిపించాయి. భీమవరం దగ్గరపడేసరికి దారి పొడుగునా రొయ్యల చెరువులే, వాటిలో నీళ్ళు చిలికే చక్రాలే. టికాల్ చూడాలంటే విమానం ఎక్కక్కర్లేదు, కిటికీ పక్క సీటు దొరికితే చాలు.

ఇంటికి రాగానే లీజు కాగితం తెమ్మన్నాను. రాంబాబు మొహంలో సంతోషం చూడలేక వంచిన తల ఎత్తకుండా సంతకం పెట్టాను.

మర్నాడు పొద్దున పొక్లెయిన్ వచ్చింది. హద్దులెక్కడో డ్రైవరుకి తెలియకపోతే నేనే వెళ్ళి చూపించాను. మంచినీళ్ళ చెరువు గట్టు వైపునుంచే తవ్వకం మొదలుపెట్టాడు.