తెల్లాపూర్ గొంగడి బేరం

బేరమాడటం తమకు బాగా వచ్చని నమ్మేవాళ్లు ఇది చదవకపోవడం మంచిది. నాకూ ఆ నమ్మకం ఉండేది. అది తెల్లాపూర్ పొలిమేరలో, ఒక గొర్రె సమక్షంలో, ప్రాణం విడిచింది.

డెబ్బైల మొదట్లో మాట. బేగంబజార్‌లో మాది కంబళ్ల దుకాణం. అక్షరాలకంటే ముందు నేను "ఆఖరి మాట చెప్పు" అనడం నేర్చుకున్నాను. కొత్తగా పెళ్లయింది. భీమవరం పిల్ల సుశీల, వాళ్ల నాన్నగారికి ఒక గొంగడి పంపాలంది. మా దుకాణంలోనే గుట్టలున్నాయన్నాను.

"అవి నేసినవాళ్లకి ఎంత ముట్టిందో మీకు తెలుసాండీ?"

తెలియదు. తెలుసుకునే అలవాటు మా ఇంటావంటా లేదు. అయితే నేసినవాళ్ల దగ్గరే కొందామంది. నా విద్య చూపించడానికి ఇంతకంటే మంచి అదను ఏముంది? చెప్పిన ధరలో సగానికి తేకపోతే పేరు మార్చుకుంటానని మీసం మెలేశాను. చందానగర్‌లో బస్సు దిగి, రాళ్లగుట్టల మధ్య నుంచి తెల్లాపూర్‌కు నడిపించాను.

గొంగళ్లు నేసేవాళ్ల ఇంటి ముందు, మల్లమ్మ అనే ఆమె అరుగు మీద ఉన్ని వడుకుతోంది. లోపల ఆమె భర్త మగ్గం మీద ఉన్నాడు. గొంగడి చూడగానే నచ్చింది. నచ్చినట్టు కనబడితే మా వంశానికే మచ్చ కాబట్టి, కుళ్లిన చేపను చూసినట్టు ముఖం పెట్టాను. గరుకన్నాను, నలుపు చాలదన్నాను, గొర్రె వాసనన్నాను.

"గొర్రెబొచ్చుతోని నేస్తే గొర్రె వాసన రాక గులాబీ వాసనొస్తదా సారూ," అంది మల్లమ్మ, చేతిలో పని ఆపకుండా.

సుశీల నవ్వింది. నాకు చురుక్కుమంది. సగం ధర చెప్పాను. మల్లమ్మ తల అడ్డంగా ఊపింది. ఇక బ్రహ్మాస్త్రం తీశాను: "నడువు సుశీలా, పోదాం."

ఈ అస్త్రానికి సూత్రం ఒక్కటే: వెనక్కి చూడకూడదు. చూశారా, ధర కొండెక్కి కూర్చుంటుంది. నేను ఊరేగింపులో పెళ్లికొడుకులా తలెత్తుకుని నడిచాను. వెనకాల అడుగుల చప్పుడు వినిపిస్తూనే ఉంది. "చూస్తుండు, ఇప్పుడు పిలుస్తది," అన్నాను మెల్లగా. పిలవలేదు. నడక తగ్గించాను. చెప్పులకు లేసుల్లేకపోయినా వంగి కట్టుకున్నాను. "ఫికర్ చెయ్యకు. మా నాయన గిట్లనే కొంటడు," అని ధైర్యం చెప్పాను. అడుగులు వెంటే వచ్చాయి. మొగుడి మాట ఇంత శ్రద్ధగా వినే భార్య ఎవరికి దొరుకుతుందని పొంగిపోయాను కూడా.

ఊరి చివరికొచ్చాక వినబడింది: "ఓ సారూ, జర ఆగు."

గెలిచినవాడి నవ్వుతో తిరిగాను. "సగానికైతేనే వస్త."

నా వెనక ఒక గొర్రె నిలబడి నెమరేస్తోంది. దూరంగా అరుగు మీద సుశీల, ఆమె ఒడిలో గొంగడి. మధ్యదారిలో మల్లమ్మ, నడుం మీద చెయ్యి.

"బేరానికి పిలుస్తలేను సారూ. గొర్రె మాది, పెండ్లాం నీది. మా గొర్రెనిడిచి నీ పెండ్లాన్ని తోల్కపో."

తిరిగి వెళ్లేసరికి మగ్గం చప్పుడు ఆగిపోయి, లోపలి నుంచి నవ్వు వినబడుతోంది. నా వెంట ఎందుకు రాలేదని సుశీలను అడిగాను.

"కోపంతో వెళ్తున్నారనుకున్నానండీ. తగ్గాక మీరే వస్తారుగా. ఈలోగా ఆవిడ అడిగినంతా ఇచ్చేశాను. మీరుంటే ఇవ్వనిచ్చేవారా?"

పేరు మార్చుకునే శ్రమ కూడా నాకు మిగల్లేదు. ఆ ఊళ్లో అప్పటికే నేను గొర్రె సారునైపోయాను.

ఆ గొంగడి మీద చెయ్యి వేసి ఆనాడే ప్రమాణం చేశాను: ఈ జన్మలో మళ్లీ బేరం మధ్యలో నడిచిపోవలసి వస్తే, ధర కొండెక్కినా సరే, ముందు వెనక్కి తిరిగి, నా వెంట వస్తున్నది రెండు కాళ్లదేనని రూఢి చేసుకుంటాను.