తువ్వాలు తీసేముందు

మా సార్ పోయారన్న కబురు పొద్దున్నే తెలిసింది. భద్రాచలంలోని మా ఇంటర్నెట్ ఆఫీసులో కేబుళ్లు చూసుకునే అన్న ఫోన్ చేసి, "సార్ పోయిండమ్మా. గుండె ఆగిందట. ఆళ్ల ఊరు టేకులపల్లికి తీస్కపోతున్నరు" అన్నాడు. నేను అది విని, "మరి రూటర్ దగ్గర ఎవరున్నరన్నా?" అని అడిగాను. ఆయన దగ్గర పని నేర్చుకున్న నోరు కదా, ముందు ఆ మాటే వచ్చింది. ఏడుపు ఫోన్ పెట్టేశాక వచ్చింది.

సార్ మా నెట్‌వర్క్ ఇన్‌చార్జి. ఇళ్లకిచ్చే బ్రాడ్‌బ్యాండ్, దుమ్ముగూడెం సంత దగ్గర అందరికీ ఉచితంగా ఇచ్చే వైఫై, రెండూ ఆయన చేతిలోనే ఉండేవి. వైఫైకి ఎవరు ఫోన్ కలిపినా రూటర్ వాళ్లకొక చోటు ఇస్తుంది. మేం దాన్ని సెషన్ అంటాం. మనిషి బస్సెక్కి వెళ్లిపోయినా ఆ చోటు కాసేపు అతని నంబరు మీదే ఉండిపోతుంది. అలా వెళ్లిపోయినవాళ్లతోనే రూటర్ నిండితే ఎదురుగా నిలబడ్డవాళ్లకు నెట్ రాదు. కొత్తలో నాకిది బుర్రకెక్కలేదు. సార్ ఒక్క ముక్కలో చెప్పారు: "బస్సుల సీటు మీద తువ్వాలు ఏసి దిగుతరు చూడు, గట్ల. తువ్వాలు తీసేముందు, మనిషి చాయ్ తాగ పోయిండా, ఇంటికే పోయిండా తెల్వాలె."

తెలుసుకోవడమంటే ఆయనకు లేచి బయటికి వెళ్లడమే. సంత రోజు మేమిద్దరం వైఫై పెట్టె ఉన్న చిన్న గదిలో కూర్చునేవాళ్లం. రూటర్‌లో నంబర్ల లిస్టు నిండగానే ఆయన ఎండలోకి వెళ్లి, ఫోన్లు పట్టుకుని కూర్చున్నవాళ్ల నంబర్లు అడిగి వచ్చేవారు. అక్కడ లేనివాళ్లవే తీసేసేవారు. రూటర్ స్విచ్ ఆపి మళ్లీ వేస్తే అన్నీ ఒక్కసారే పోతాయి, హాయిగా ఉంటుంది అని నేను గొణిగేదాన్ని. ఆయన ఆ స్విచ్ మీద నల్ల టేపు అంటించేశారు. నా మీద నమ్మకం అంత.

చాదస్తం అనుకునేదాన్ని. ఒకరోజు ఆయనే కారణం చెప్పారు. గోదావరి వరదలప్పుడు ఊళ్లవాళ్లను ఉంచిన బడిలో వైఫై పెట్టారట. జనం ఎక్కువయ్యేసరికి, వాడకుండా ఊరికే ఉన్న సెషన్లన్నీ సార్ ఒక్క దెబ్బకు తీసేశారట. అందులో ఒకామె ఫోన్ ఉంది. ఆమె కూతురు ఖమ్మం దవాఖానాలో కాన్పు నొప్పులతో ఉంది. టవర్లు పనిచేయక, వైఫై మీదే రావాల్సిన కూతురి కాల్ కోసం ఆమె ఫోన్ ఒళ్లో పెట్టుకుని ఎదురుచూస్తోంది. లైన్ పోయిన సంగతి ఆమెకు తెలియదు.

"తల్లీ బిడ్డా మంచిగనే ఉన్నరు" అన్నారు సార్. "కానీ ఆపరేషన్‌కి తీస్కపోయేముందు అమ్మతోని ఒక్కమాట మాట్లాడ్తనని ఆ పిల్ల ఎంత ఏడ్చిందో. ఊకె ఉన్న ఫోనని నేనే తీసేసిన."

అప్పటి నుంచి సంత దగ్గర ఖాళీగా ఉన్న ఫోన్‌ను రూటర్ తనంతట తానే తీసేసే గడువు ఆయన పెంచే ఉంచారు. సిగ్నల్ లేని అడవి ఊళ్ల నుంచి దిగివచ్చేవాళ్లు ఫోన్ చేయరు, వైఫై మీద వచ్చే ఫోన్ కోసం కూర్చుంటారు. పై ఆఫీసువాళ్లు గడువు తగ్గించమంటే "తగ్గిస్త సార్, తగ్గిస్త" అనేవారు. తగ్గించేవారు కాదు. కరెంటు పోయి వచ్చినప్పుడు ఇళ్లలో నెట్ పెట్టెలన్నీ ఒక్కసారే మా రూటర్ మీద పడేవి. అప్పుడు వీధి తర్వాత వీధిని లోపలికి వదులుతూ, దవాఖానా సందుతో మొదలుపెట్టేవారు. మీసాల్లోనే తిట్టుకునేవారు, పని మాత్రం తొందరపడకుండా చేసేవారు. నాకు పని వచ్చిందంటే ఆయన చలవే.

నేను టేకులపల్లి వెళ్లాక, ఆయన్ని ఇంకా ఇంట్లోంచి ఎత్తకముందే నాకు ఫోన్లు మొదలయ్యాయి. భద్రాచలంలో కరెంటు పోయి వచ్చిందట. దండం పెట్టుకుని వచ్చేశాను. అప్పటి నుంచి ఇద్దరి పనీ నాదే. అలసిపోయాను. పై ఆఫీసు నుంచి గడువు తగ్గించమని మళ్లీ మెసేజ్ వచ్చింది. తగ్గిస్తే నాకు ఎండలో తిరుగుడు తప్పుతుంది.

నిన్న సంత. లిస్టు నిండిపోయింది. నర్సింగ్ చదివే అమ్మాయి గుమ్మంలో నిలబడి, "అక్కా, హాల్ టికెట్ దించుకోవాలె, కలుస్తలేదు. బస్సొస్తే పోవాలె" అంది. గడువు మార్చడం క్షణం పని. వేలు అక్కడిదాకా వెళ్లింది. లేచి బయటికి వెళ్లాను. నంబర్లు అడిగి వచ్చి, పోయినవాళ్లవి తీసేశాక ఆ అమ్మాయికి కలిసింది. ఒక్క నంబరు మాత్రం ఎవరిదో తేలలేదు. తీసేసినా అడిగేవాళ్లు లేరు. కాళ్లు లాగుతున్నా మళ్లీ వెళ్లాను.

మిరపకాయల కుప్ప వెనక, పట్టా నీడలో ఒక అవ్వ ఉంది. ఫోన్ రెండు చేతుల్లో పట్టుకుని కూర్చుంది.

"సార్ రాలేదా బిడ్డా?" అంది. "ఎప్పుడు ఆయననే వచ్చి లైన్ ఉన్నదో లేదో చూసి పోతడు."

"నేను చూస్తా అవ్వా" అని ఫోన్ తీసుకున్నాను. నంబరు అదే. "ఉన్నది."

"గట్లనే ఉండనియ్యి. నా బిడ్డ ఎప్పుడు చేస్తదో తెల్వదు."

అప్పుడు చెప్పాను, సార్ ఇక రారని.

అవ్వ గోనెసంచి మీద కాస్త జరిగి, "కూసో" అంది. కూర్చున్నాను. ఇద్దరం ఆమె చేతుల్లోని నల్లటి తెరనే చూస్తూ ఉండిపోయాం.