న్యూపోర్ట్‌లో వంట సెలవు

అమెరికాలో, మా ఫ్రిస్కోలో బయల్దేరే ముందు మా ఆయన నాకో మాటిచ్చారు. ఈ ఐదు రోజులూ గరిట ముట్టుకోనక్కర్లేదన్నారు. లండన్ చూపిస్తానన్నందుకు కాదు, ఆ ఒక్క మాటకే నేను నా సూట్‌కేసు సర్దుకున్నాను. పగలంతా ఆఫీసు మీటింగులు, సాయంత్రం అమ్మాయిని డాన్స్ క్లాసుకీ మ్యాథ్ క్లాసుకీ కారులో తిప్పడం, ఇంటికొచ్చాక పప్పు, కూర, అన్నం. మర్నాడు మళ్లీ అదే. పెళ్లయిన పంతొమ్మిదేళ్లుగా వంట నాదే. నాకు ఊళ్లు చూడాలని లేదు. ఎవరైనా వండి పెడితే కూర్చుని తినాలని ఉంది.

లండన్‌లో మూడు రోజులు మాట నిలబడింది. కాళ్లు పీకేలా తిప్పారు కానీ తిండి మాత్రం హోటళ్లలోనే. నాలుగో రోజు వేల్స్‌లోని న్యూపోర్ట్‌కి రైలెక్కాం. అమెరికా నుంచి పనిగట్టుకుని ఎవరైనా న్యూపోర్ట్ చూడ్డానికి వెళ్తారా? మా ఆయన వెళ్తారు. పెళ్లికి ముందు హైదరాబాద్‌లో ఆయన మొదటి ఉద్యోగం ఆ ఊరి ఉక్కు ఫ్యాక్టరీ ఒకదాని సాఫ్ట్‌వేర్ చూసుకోవడం. ఏ గేటు నుంచి ఏ లారీ వెళ్తుందో, ఏ షెడ్డులో ఏ సరుకుంటుందో ఆయనకి కంఠతా వచ్చు. అక్కడి వాళ్లతో రోజూ ఫోన్లో మాట్లాడేవారట. కళ్లతో చూసింది మాత్రం ఎన్నడూ లేదు. ఒక్కసారి చూడాలి, ఒక్కసారి చూడాలి అని పెళ్లయిన దగ్గర్నుంచీ నా చెవులు హోరెత్తించారు.

మేం దిగింది ఒక పాత ఇంట్లో. డెబ్బై ఏళ్లావిడ ఒక్కతే పై గదులు అద్దెకిస్తూ ఉంటుంది. ఇరుకు మెట్లు, చెమ్మ వాసన, కిటికీ బయట ఆగని వాన. ఆయనకి పొడి బట్టలు తీద్దామని ఆయన సూట్‌కేస్ తెరిచాను. స్వెటర్ల కింద, తువ్వాలులో చుట్టి, మా వంటింటి రైస్ కుక్కర్. పక్కనే సోనా మసూరి బియ్యం, ఆవకాయ సీసా.

ఎందుకైనా మంచిదని తెచ్చానన్నారు. స్విచ్ నొక్కితే అదే ఉడుకుతుంది, నిన్నెవరు వండమన్నారని కూడా అన్నారు. వాదించే ఓపిక లేక సూట్‌కేస్ మూసేశాను. కానీ నా సెలవు అక్కడితో సగం చచ్చిపోయింది.

మధ్యాహ్నం ట్యాక్సీలో ఫ్యాక్టరీకి వెళ్లాం. వెళ్లాం అనడమే కానీ అక్కడ ఫ్యాక్టరీ ఏదీ? ఇనుప కంచె, గొలుసు వేసిన గేటు, లోపల పిచ్చి గడ్డి, దూరంగా ఎవరివో కొత్త గోడౌన్లు. ఆయన కంచె పట్టుకుని, వానలో తడుస్తూ, ఏ షెడ్డు ఎక్కడుండేదో అమ్మాయికి చూపించడం మొదలుపెట్టారు. పద్నాలుగేళ్ల పిల్ల, ఫోన్లోంచి తలెత్తకుండా రెండుసార్లు "కూల్" అంది. కాసేపటికి ఆయన కంచె వదిలేసి ట్యాక్సీ వైపు నడిచారు.

తిరిగి వచ్చేటప్పుడు నది ఒడ్డున దిగి నడిచాం. సముద్రపు ఆటుకి నీళ్లు వెనక్కి పోయి, రెండు పక్కలా నిగనిగలాడే బురద. పైన ఎత్తయిన పాత ఇనుప వంతెన. "వాళ్లంతా ఏమైపోయారో" అన్నారాయన. ఫోన్లో రోజూ పలికిన గొంతుల గురించి అంటున్నారని అర్థమైంది. నిజం చెప్పొద్దూ, ఆ మనిషిని చూస్తే జాలేసింది. చెయ్యి పట్టుకుని నడిచాను.

గదికి వచ్చేసరికి ఒళ్లు హూనమైపోయింది. బయటికి వద్దు, ఇంత వేడన్నం, ఆవకాయ ఉంటే చాలన్నారు. నేను మంచం మీంచి లేవలేదు. ఆయనే బాత్రూంలో బియ్యం కడిగి, కుక్కర్ గీత దాకా నీళ్లు పోసి, ఎయిర్‌పోర్ట్‌లో కొన్న అడాప్టర్‌కి ప్లగ్ తగిలించి స్విచ్ నొక్కారు. కాసేపటికి కమురు వాసన. తర్వాత ఠప్పుమని శబ్దం, పొగ, ఇంటిల్లిపాదినీ లేపే అలారం. ఆ వెంటనే కరెంటు పోయింది. ఫోన్లూ లాప్‌టాప్‌లూ బాగానే ఛార్జ్ అయ్యాయి కాబట్టి ఇదీ పనిచేస్తుందనుకున్నారట. అమెరికా కుక్కర్ అక్కడి రెట్టింపు వోల్టేజీని తట్టుకోలేదని తెలియలేదు. ఇంతకీ ఈయన చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్.

చెప్పుల్లేకుండా వీధిలో నిలబడ్డాం. ఇంటావిడ ఫ్యూజు సరిచేసి, మమ్మల్ని లోపలికి పిలిచింది. తిట్టలేదు. గదుల్లో వంట చెయ్యకూడదనీ, కింద తన వంటింట్లో గ్యాస్ పొయ్యి ఉందనీ, కావాలంటే వాడుకోమనీ చెప్పింది. మా ఆయన ఆవిడకి నాలుగు థాంక్యూలు చెప్పి, కుక్కర్‌లోంచి తీసిన గిన్నె రెండు చేతులతో పట్టుకుని నా వైపు తిరిగారు. అమ్మాయి కూడా నా వైపే చూసింది.

ఎవరూ ఏమీ అడగలేదు. అడగాల్సిన అవసరం వాళ్లకి ఎప్పుడూ రాలేదు. నా చేతులు వాటంతటవే సగం దాకా లేచాయి. ఇరవై ఏళ్లు తలుచుకున్న చోటు ఖాళీగా కనిపించిన రోజున మనిషికి పిడికెడు అన్నం వండి పెట్టకపోతే నాదేం గుండె అనిపించింది. ఇవాళ అందుకుంటే ఇక చచ్చేదాకా అందుకోవడమే అని కూడా అనిపించింది. చేతులు దించేశాను.

"మీరే వండండి" అన్నాను.

"నాకు రాదు కదా."

"నాకు మాత్రం పుట్టుకతో వచ్చిందా?"

మా ఇంటి పెరట్లో, మాంసం కాల్చే గ్రిల్ దగ్గర పదిమంది ఫ్రెండ్స్ ముందు గంటలకొద్దీ నిలబడే మనిషి, ఉత్త అన్నం వండమంటే బిక్కమొహం వేశారు. అయినా గిన్నెతో వంటింట్లోకి వెళ్లారు. నేను బల్ల దగ్గర కూలబడ్డాను. కాసేపటికి లోపల్నుంచి, కుక్కర్‌లో పోసిన నీళ్లు ఒంపేసి బియ్యం ఆవిడ గిన్నెలో వేశాను, మళ్లీ ఎన్ని నీళ్లు పొయ్యాలని కేకేశారు. కుక్కర్ గిన్నెకి గీత ఉంటుంది, ఆవిడ సత్తు గిన్నెకి ఏ గీతా లేదు. జవాబు నా నాలుక చివరే ఉంది. పళ్లు బిగబట్టి ఊరుకున్నాను. ఇంటావిడ సాయానికి లేవబోతే, దయచేసి కూర్చోండని బతిమాలాను. ఆవిడ నా మొహంలోకి ఒకసారి చూసి కూర్చుంది. 

లోపల మూత కింద పడింది. ఆయన ఎవరినో తిట్టుకున్నారు. మాడు వాసన వచ్చింది. లేవకుండా ఉండటం వండటం కంటే కష్టమని ఆ అరగంటలో తెలిసింది.

చివరికి ఆయన గిన్నె పట్టుకొచ్చి ముందు నాకే వడ్డించారు. పైన ముద్ద, అడుగున మాడు. పక్కన ఆవకాయ బద్ద. గరిట చేత్తో పట్టుకుని, అలాగే నిలబడి నా వైపు చూస్తున్నారు. పెళ్లయ్యాక ఆయన నాకు వండి పెట్టిన మొదటి అన్నం అది. ఆవకాయ కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

"బాగాలేదు కదూ?" అన్నారు.

"బాగాలేదు" అన్నాను. అదంతా తిని, కంచం ముందుకి జరిపి, "ఇంకాస్త పెట్టండి" అన్నాను.