పట్టుపంచె

మా నాయన పంతానికి పోయి కిడ్నీ మాత్రలు మానేశాడని బంధువులు ఇప్పటికీ చెబుతుంటారు. అబద్ధం. ఆ రోజు పక్కనున్నది నేను.

ఆయన ధర్మవరంలో నలభై ఏళ్లు కూలికి మగ్గం నేసినవాడు. హిందూపురంలో ఓ ఆసుపత్రి పేద రోగులకు ఆ మాత్రలు ఉచితంగా ఇస్తుందని విని తీసుకెళ్లాను. "పెద్దోళ్ల ముందుకు పోతాండావు, మంచిది కట్టుకో నాయనా" అని, నా పెళ్లికి ఆయన నేసుకున్న పట్టుపంచె కట్టించాను.

కౌంటర్‌లోని ఆమె ఎగాదిగా చూసింది.

"ఏమప్పా, పెండ్లికి పోతా దావలో దిగినావా? పట్టు కట్టుకోనొచ్చి ఉత్తగా మాత్రలు అడుగుతాండావే?"

వరుసంతా నవ్వింది.

"నేసినోడు కట్టుకోగూడదా?" అని రేషన్ కార్డు బల్లమీద కొట్టాను. ఆమె దాన్ని చూడనైనా చూడకుండా దరఖాస్తు మీద 'స్తోమత ఉంది' అని రాసేసింది. తర్వాత జాగ్రత్తల కాగితం ఒకటి నాయన చేతిలో పెట్టింది. అందులో మొదటి మాట: 'డాక్టరు చెప్పనిదే ఒక్క పూట కూడా మాత్ర ఆపరాదు.'

పెనుకొండలో మా ఇంటికొచ్చాక నాయన అంతకుముందు కొన్న మాత్రల్లో మిగిలినవి రోజు విడిచి రోజు మింగాడు. అవీ అయిపోయాయి. మూడు నెలలకు ఆయనా పోయాడు.

పంచె కట్టించిన తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ మాత్రలు ఇవ్వనన్న చేత్తోనే ఆ కాగితం ఎందుకిచ్చినట్టు?